క్లియర్ కోట్ లేని పాత కారు పెయింట్: తరచుగా అడిగే ప్రశ్నలు

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్, పాత జీపు, మొదటి తరం మారుతి 800. ఇంట్లో ఇలాంటి బండి ఉన్నవాళ్లు పెయింట్ గురించి అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. కొత్త కార్ల కోసం చెప్పే సలహాలు వీటికి చాలావరకు సరిపడవు, కొన్నైతే నష్టం చేస్తాయి. ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇంకా ఒంటిమీద మిగిలి ఉన్న బండ్లు ఏటా తగ్గిపోతున్నాయి. వాటిని పాడుచేసేది ఎండ ఒక్కటే అనుకుంటాం. మెరుపు కోసం పదేపదే చేయించే రబ్బింగ్ కూడా అంతే పాడుచేస్తుందని నా అభిప్రాయం.

సింగిల్ స్టేజ్ పెయింట్ అంటే ఏమిటి?

రంగూ మెరుపూ ఒకే పూతలో ఉండే పెయింట్. రేకు మీద ప్రైమర్ అనే అడుగుపూత, ప్రైమర్ మీద రంగు, అంతటితో సరి. ఇప్పటి కార్లకు రంగు పూత మెరుపు లేకుండా ఉంటుంది. దాని మీద రంగు లేని క్లియర్ కోట్ వేస్తారు. ఎండ, గీతలు, పాలిష్, అన్నింటినీ ఆ పై పూతే భరిస్తుంది. పాత బండికి అది లేదు కాబట్టి ప్రతి గీతా, ప్రతి రుద్దుడూ నేరుగా రంగు మీదే పడుతుంది.

కార్లకు తొలిరోజుల్లో బ్రష్‌తో వార్నిష్ రంగులు వేసి రోజులు, వారాల తరబడి ఆరబెట్టేవారు. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ వారి ‘డ్యూకో’ అనే నైట్రోసెల్యులోజ్ ల్యాకర్‌ను జనరల్ మోటార్స్ తన ఓక్‌లాండ్ కార్లకు వాడింది. స్ప్రే చేస్తే త్వరగా ఆరిపోయే ఆ పెయింట్‌తో కార్ల తయారీ వేగమే మారిపోయింది. మన షెడ్లలో పెద్దవయసు పెయింటర్లు కారు పెయింటింగ్‌ను ఇప్పటికీ ‘డ్యూకో’ అనే అంటారు. మామూలు కార్లకు క్లియర్ కోట్ వేయడం 1980ల నుంచి ఊపందుకుంది. ఆ తర్వాత కూడా తెలుపు, ఎరుపు లాంటి సాలిడ్ రంగులను, అంటే మెరుపు రేణువులు కలపని రంగులను, క్లియర్ లేకుండా వేయడం చాలాకాలం సాగింది. లారీలు, ట్రాక్టర్లు, ఆటోలకు నేటికీ ఎక్కువగా ఇదే.

నా బండికి క్లియర్ కోట్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

తెల్లటి నూలుగుడ్డ మీద కొంచెం పాలిష్ వేసి, బండిని శుభ్రంగా కడిగాక ఎవరికీ కనిపించని చోట చిన్నగా రుద్దండి. డిక్కీ అంచు లోపలి వైపు, డోర్ కింది భాగం బాగుంటాయి. గుడ్డకు బండి రంగు అంటితే అది సింగిల్ స్టేజ్. తెల్ల బండి అయితే నల్లగుడ్డ వాడండి, లేదంటే ఏమీ కనిపించదు.

రెండు జాగ్రత్తలు. ఒక్కచోట చూసి తేల్చేయకండి. ముప్ఫై, నలభై ఏళ్ల బండిలో ఎడమ డోర్ ఒకసారి, బానెట్ ఇంకోసారి పెయింట్ అయి ఉంటాయి. ఒక ప్యానెల్‌కు క్లియర్ ఉండి, పక్కదానికి లేకపోవడం మామూలే. అందుకని ప్రతి ప్యానెల్ విడిగా చూడాలి. రెండోది, పెయింట్ పాడయ్యే తీరు చూసినా తెలుస్తుంది. క్లియర్ కోట్ పాడైతే తెల్లటి పొరలు పొరలుగా ఊడిపోతుంది. సింగిల్ స్టేజ్ అలా ఊడదు, మొత్తంగా వెలిసి పొడిబారుతుంది.

ఎన్‌సీ, సింథటిక్ ఎనామెల్, పీయూ అంటున్నారు. నాది ఏదో తెలుసుకోవడం అవసరమా?

అవసరమే. మూడూ సింగిల్ స్టేజ్ కావచ్చు కానీ వాటి స్వభావం వేరు.

ఎన్‌సీ, అంటే పైన చెప్పిన నైట్రోసెల్యులోజ్ ల్యాకర్, కేవలం థిన్నర్ (పెయింట్‌ను పలచన చేసే ద్రవం) ఆవిరైపోవడం వల్ల ఆరుతుంది. లోపల రసాయనికంగా గట్టిపడటం జరగదు. అందుకే ఎన్నేళ్ల తర్వాత థిన్నర్ తగిలినా మళ్లీ కరుగుతుంది. సింథటిక్ ఎనామెల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది. పీయూలో, అంటే పాలీయురేథేన్‌లో, గట్టిపరిచే హార్డెనర్ కలుపుతారు కాబట్టి మూడింట్లోకీ ఇదే గట్టిది, థిన్నర్‌కు చెక్కుచెదరదు.

పరీక్ష తేలిక. కనిపించని చోట గోరంత జాగాలో థిన్నర్ తడిపిన దూదిని కొన్ని క్షణాలు ఆనించండి. రంగు కరిగి దూదికి ధారాళంగా అంటితే ఎన్‌సీ. మెత్తబడినా, ముడతపడినా ఎనామెల్. ఏమీ కాకపోతే చాలావరకు పీయూ. ఈ ఒక్క పరీక్షకు తప్ప ఎన్‌సీ బండి దగ్గరికి థిన్నర్ సీసా తీసుకురాకండి. స్టిక్కర్ జిగురు, తారు మరకలు తీయడానికి థిన్నర్ వాడి డోర్ మీద ప్రైమర్ దాకా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

పెయింట్ ఎందుకు వెలిసిపోతుంది? చేత్తో రాస్తే పొడి ఎందుకు అంటుతోంది?

పెయింట్‌లో రంగుపొడి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే రెసిన్ ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలి, తేమ కలిసి పైపైన ఉన్న రెసిన్‌ను తినేస్తాయి. రెసిన్ పోతే రంగుపొడికి పట్టు ఉండదు. సున్నం వేసిన గోడకు వీపు ఆనిస్తే చొక్కాకు అంటినట్టు బండి రంగు చేతికి అంటుతుంది. గరుకైన ఆ పొర మీద వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది.

అన్ని రంగులూ ఒకే తీరున పాడవవు. తెలుపులో వాడే టైటానియం డయాక్సైడ్ ఎండలో తన చుట్టూ ఉన్న రెసిన్‌ను దెబ్బతీసే గుణం ఉన్నది. అందుకే తెల్ల బండికి పొడి ఎక్కువ, కానీ రంగు మాత్రం అలాగే ఉంటుంది. ఎరుపు అలా కాదు. పాత ఎర్ర రంగుపొడులు చాలావరకు ఆర్గానిక్ రకం, ఎండకు ఆ పొడే చచ్చిపోయి గులాబీ రంగులోకి దిగుతుంది. ఎర్ర బండి ఉన్నవాళ్లు నీడ కోసం ఎంత ఖర్చు పెట్టినా దండగ కాదు. నలుపు కిరణాలను బాగానే తట్టుకుంటుంది కానీ వేడిని పీల్చుకుంటుంది, పైగా ప్రతి చిన్న గీతా అందులో కనిపిస్తుంది.

వెలిసిన పెయింట్ తిరిగి వస్తుందా రాదా అనేది ఒక చెంబెడు నీళ్లతో తెలిసిపోతుంది. ప్యానెల్ తడపండి. తడి ఉన్నంతసేపూ పాత రంగు నిండుగా కనిపిస్తే పాడైంది పై పొర మాత్రమే, దాన్ని బాగుచేయవచ్చు. తడిపినా పాలిపోయినట్టే ఉంటే రంగు లోపలికంటా చచ్చింది, పాలిష్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిపిస్తాను. మంచిదే కదా?

కాదు. నాకు అన్నింటికంటే బాధ కలిగించే అలవాటు ఇదే, ఎందుకంటే ఇది బండి మీద ప్రేమతో చేసే పని. డ్రైవరో వాచ్‌మనో పొడిగుడ్డతో, లేదా ఒకే బకెట్టు నీళ్లలో మళ్లీ మళ్లీ ముంచిన గుడ్డతో రోజూ బానెట్ తుడుస్తారు. రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది, అందులోని క్వార్ట్జ్ ఉక్కు కంటే గట్టిది. ఎన్‌సీ, ఎనామెల్ పూతలు దాని ముందు ఎంత? ఏడాదికి మూడొందల సార్లు సన్నటి గరుకు కాగితంతో రుద్దినంత పని జరుగుతుంది. మలుపుల దగ్గర, మడ్‌గార్డ్ ఉబ్బు మీద, బానెట్ మధ్య గీత మీద ముందు ప్రైమర్ బయటపడేది ఇందుకే.

దుమ్ము ఉంటే ఉండనివ్వండి. పొడి దుమ్ము వల్ల పెయింట్‌కు వెంటనే వచ్చే ముప్పు లేదు. వారానికో, పది రోజులకో ఒకసారి నిండుగా నీళ్లు పోసి కడగడం మేలు. పెళ్లికో పేరంటానికో వెళ్లాలి, తుడవక తప్పదు అంటే, ముందు నీళ్లు చల్లి దుమ్ము జార్చి, ఆ తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దినట్టు తుడవండి.

కడిగే పద్ధతి?

నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు. ముందు నీళ్లు పోసి మట్టి జార్చాలి. కారు షాంపూ కలిపిన బకెట్టు ఒకటి, గుడ్డ జాడించడానికి ఉత్త నీళ్ల బకెట్టు ఒకటి పెట్టుకోండి. పైనుంచి కిందికి రావాలి, చక్రాల గుడ్డ చక్రాలకే ఉండాలి. బట్టల సబ్బుపొడి, గిన్నెలు తోమే సబ్బు వద్దు. వాటి క్షారానికి వాక్స్ మొత్తం ఊడిపోతుంది, పొడిబారిన పెయింట్ ఇంకా పొడిబారుతుంది.

మన ఊళ్లలో అసలు సమస్య బోరు నీళ్లు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న నీళ్లు బండి మీద ఎండితే తెల్లటి చుక్కలు మిగులుతాయి. క్లియర్ లేని పాత పెయింట్‌లో సన్నటి రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఆ చుక్కలు లోపలికి దిగి గట్టిపడతాయి. చివరి నీళ్లైనా మున్సిపల్ కుళాయివో, వాననీళ్లో పోయండి. అవీ లేకపోతే ఒక్కో ప్యానెల్ కడిగిన వెంటనే ఆరబెట్టుకుంటూ రండి. చుక్కలు పడితే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డతో ఒక నిమిషం ఆనించి, మళ్లీ నీళ్లతో బాగా కడిగేయాలి. అంతకంటే ఘాటైన ఆసిడ్ జోలికి వెళ్లకండి.

ప్రెషర్ వాష్ మొత్తం బండికి పర్వాలేదు కానీ పెయింట్ చిట్లిన చోట, తుప్పు ఉబ్బిన చోట, పుట్టీ పెట్టిన అంచుల దగ్గర వద్దు. అక్కడ పెచ్చు లేచిపోతుంది.

కిరోసిన్, డీజిల్, కొబ్బరినూనె రాస్తే మెరుస్తుంది అంటారు. నిజమేనా?

మెరుస్తుంది, రెండు రోజులు. పొడిబారిన పెయింట్‌కు ఏ నూనె తగిలినా రంగు నిండుగా కనిపిస్తుంది. తర్వాత ఆ జిడ్డుకు దుమ్ము అతుక్కుంటుంది. దాన్ని తుడవడానికి మళ్లీ రుద్దాలి, ఆ రుద్దుడుకు గీతలు. కిరోసిన్, డీజిల్ ఉన్న కాస్త వాక్స్‌నూ కడిగేస్తాయి, రబ్బరు బీడింగులను ఉబ్బిస్తాయి. పైగా రేపు పెయింట్ వేయించాలంటే ఆ జిడ్డు మిగిలిన చోట కొత్త పెయింట్ పట్టకుండా చుక్కలుగా విడిపోతుంది.

వెలిసిపోయిన ఒరిజినల్ పెయింట్‌కు మెరుపు ఎలా తేవాలి?

తొందర లేనివాళ్లకే ఈ పని. రెండు మూడు రోజులు పెట్టుకోండి.

ముందు బండి కడిగి ఆరబెట్టి, బానెట్ అంచులు, డోర్ మలుపులు, గట్టర్ పట్టీ, ఎత్తుగా ఉన్న ప్రతి గీత మీదా మాస్కింగ్ టేపు అంటించండి. అంచుల్లో పెయింట్ ఎప్పుడూ పలచనే. పాలిషర్‌కు ముందు బలయ్యేదీ అవే.

తర్వాత నూనెలు ఎక్కువగా ఉన్న, రాపిడి లేని గ్లేజ్ రాయాలి. ఈ పనికి ప్రపంచమంతా పేరున్నది మెగ్వయర్స్ కంపెనీ నంబర్ 7 షో కార్ గ్లేజ్. పాత ల్యాకర్, ఎనామెల్ బండ్లవాళ్లు దశాబ్దాలుగా వాడుతున్నారు. టర్కీ టవల్ ముక్కకు గ్లేజ్ దండిగా పట్టించి, ప్యానెల్ మీద చేత్తో మర్దనా చేసినట్టు రాయండి. టవల్‌కు రంగు అంటుతుంది, అది వదులుగా ఉన్న చచ్చిన పొడి. రాశాక తుడిచేయకుండా రాత్రంతా వదిలేయండి. మర్నాడు తుడిచి, అవసరమైతే మళ్లీ రాయండి. ఆ నూనె పెయింట్‌కు ‘తిండి పెడుతుంది’ అని కొందరంటారు. పోయిన రెసిన్‌ను అది తిరిగి తేలేదు. సన్నటి రంధ్రాల్లోకి దిగి రంగును నిండుగా చేస్తుంది, తర్వాత చేసే పాలిష్‌కు జారుడునిస్తుంది, పెయింట్ ఎండిపోయి చిట్లకుండా కాస్త కాపాడుతుంది. అంత చేసినా చాలు.

ఆ తర్వాతే పాలిష్. అన్నింటికంటే మెత్తటి ఫోమ్ ప్యాడ్, అన్నింటికంటే సన్నటి ఫినిషింగ్ పాలిష్‌తో చిన్న జాగాలో మొదలుపెట్టండి. దాంతో పని జరిగితే కాంపౌండ్ (గరుకు పాలిష్) డబ్బా మూత తెరవనక్కర్లేదు. మెషిన్ వాడితే గుండ్రంగా తిరుగుతూ కదిలే డీఏ పాలిషర్ మంచిది. ఒకేచోట తిరిగే రోటరీ, దానికి ఉన్ని ప్యాడ్ తగిలిస్తే ఎన్‌సీ పెయింట్ వేడికి మెత్తబడి ప్యాడ్‌కు చుట్టుకుంటుంది. ప్యాడ్ చాలా త్వరగా రంగుతో నిండిపోతుంది, నిండిన ప్యాడ్ పాలిష్ చేయడం మానేసి గీతలు పెడుతుంది. ప్రతి ప్యానెల్‌కూ ప్యాడ్ శుభ్రం చేయండి, నాలుగైదు ప్యాడ్లు దగ్గర పెట్టుకోండి.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. గుడ్డకు రంగు రావడం ఆగేదాకా రుద్దాలనుకుంటారు. సింగిల్ స్టేజ్‌కు రంగు రావడం ఎప్పటికీ ఆగదు, ఎందుకంటే మీరు రుద్దేది రంగునే. మురికి పోతోందని మురిసిపోయేలోపు ప్రైమర్ కనిపిస్తుంది. గుడ్డను చూడకండి, ప్యానెల్‌ను చూడండి. ట్యూబ్‌లైట్ ప్రతిబింబం అంచు తేటగా కనిపించిన క్షణం ఆపేయండి. లోతైన గీతలు కొన్ని మిగులుతాయి. వాటిని అలా ఉండనివ్వడమే తెలివైన పని.

షాపులో రబ్బింగ్ చేయించవచ్చా?

పని తెలిసిన మనిషి దొరికితే చేయించవచ్చు. అప్పగించే ముందు ఇది క్లియర్ లేని పెయింట్ అని చెప్పండి, ఏ ప్యాడ్, ఏ కాంపౌండ్ వాడతారో అడగండి, దగ్గరుండి ఒక్క ప్యానెల్ చేయించి చూడండి. పెయింట్ మందం కొలిచే మీటర్ వాళ్ల దగ్గర ఉంటే ప్రతి ప్యానెల్ కొలిపించండి. ఆ మీటర్ ప్రైమర్‌తో కలిపి మొత్తం మందం చూపిస్తుంది. కాబట్టి 120 మైక్రాన్లు అని వస్తే అందులో రంగు ఎంతో విడిగా తెలియదు. ఒకచోట 1000 దాటితే కింద పుట్టీ ఉందని అర్థం. ‘వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) కొట్టి అద్దంలా చేస్తా’ అనే షాపు నుంచి మాత్రం బండి వెనక్కి తెచ్చేసుకోండి. కొత్తగా వేసిన మందపాటి పీయూకు ఆ పని తగును, నలభై ఏళ్ల ఫ్యాక్టరీ పెయింట్‌కు తగదు.

మెటాలిక్ రంగు ఉంటే?

క్లియర్ లేని మెటాలిక్‌ను చేత్తో, అదీ చాలా తేలిగ్గా మాత్రమే పాలిష్ చేయాలి. పూతలో ఉన్న అల్యూమినియం రేణువులు పైకి తేలి గాలి తగిలి నల్లబడతాయి. గట్టిగా రుద్దితే మచ్చలు మచ్చలుగా మారుతుంది, దాన్ని మళ్లీ సమం చేయడం పెయింట్ వేస్తే తప్ప కుదరదు.

వాక్స్, సీలెంట్, సెరామిక్ కోటింగ్: ఏది మంచిది?

పాత ఎన్‌సీ, ఎనామెల్ పెయింట్లకు నా ఓటు కార్నాబా వాక్స్‌కే. బ్రెజిల్‌లో పెరిగే ఒక జాతి తాటిచెట్టు ఆకుల నుంచి తీసే మైనం ఇది, సుమారు 82 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సాలిడ్ రంగులకు ఇది ఇచ్చే నిండుదనం వేరే దేనికీ రాదు. తీసేయడం తేలిక, మళ్లీ రాయడం తేలిక. మన ఎండలకు ఎక్కువకాలం నిలవదన్నది నిజం. ఆరుబయట ఉండే బండికి రెండు నెలలకోసారి, షెడ్డులో ఉండే బండికి నాలుగైదు నెలలకోసారి రాయాలి. రోహిణి కార్తె ఎండల ముందు ఒకటి, వానలు మొదలయ్యే ముందు ఒకటి తప్పకుండా. కొనేటప్పుడు డబ్బా మీద ‘క్లీనర్ వాక్స్’ అని ఉందేమో చూడండి. అందులో రాపిడి పొడి ఉంటుంది, రాసిన ప్రతిసారీ కాస్త రంగు పోతుంది.

సింథటిక్ సీలెంట్ ఎక్కువకాలం నిలుస్తుంది. రోజూ నడిపే తెల్ల మారుతికి అదే నయం. సీలెంట్ వేసి, ఒకరోజు ఆగి, దాని మీద వాక్స్ వేసుకున్నా బాగుంటుంది.

పెయింట్ మీద గట్టి పారదర్శక పొరగా ఆరే సెరామిక్ కోటింగ్ గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. పీయూ పెయింట్ అయితే వేయించవచ్చు. ఎన్‌సీ, పాత ఎనామెల్ మీద వద్దనే చెబుతాను. కోటింగ్‌కు ముందు ప్యానెల్‌లో నూనె చుక్క లేకుండా ఆల్కహాల్‌తో తుడుస్తారు. అంటే గ్లేజ్‌తో పెట్టిన నూనె మొత్తం తీసేసినట్టే, పైగా ఆల్కహాల్, కోటింగ్‌లోని సాల్వెంట్ పాత ల్యాకర్‌ను మెత్తబరచవచ్చు. ఇంకో చిక్కు, రేపు ఆ కోటింగ్ పాడైతే తీయడానికి మళ్లీ రాపిడి పాలిషే దిక్కు. మిగిలిన రంగులో కొంత దానికే పోతుంది.

పారదర్శక ఫిల్మ్ కూడా పాత బండికి వద్దు. తీసేటప్పుడు జిగురుతోపాటు పెయింట్ ఊడి వస్తుంది. ముఖ్యంగా మధ్యలో ఎప్పుడో రీపెయింట్ అయిన ప్యానెళ్లకు.

దసరాకు పసుపు, కుంకుమ పెడతాం. మరకలు పడుతున్నాయి, ఏం చేయాలి?

పూజ మానక్కర్లేదు, ముందు చిన్న ఏర్పాటు చేస్తే చాలు. పండుగకు రెండు రోజుల ముందు బండి కడిగి వాక్స్ రాయండి. పసుపు తడి బొట్టు వాక్స్ లేని తెల్ల పెయింట్‌లోకి ఇట్టే ఇంకిపోతుంది. వాక్స్ ఉంటే పైనే ఉంటుంది. వీలైతే బొట్టు అద్దం మీద, నంబర్ ప్లేట్ మీద, స్టీలు బంపర్ మీద పెట్టండి. బానెట్ మీదే పెట్టాలంటే పెద్దవాళ్ల మాట కాదనలేం కాబట్టి, ఆ సాయంత్రమే నీళ్లు పోసి మెత్తటి గుడ్డతో తీసేయండి.

పసుపు మరక మిగిలిపోతే రుద్దకండి. పసుపులోని కర్కుమిన్ ఎండకు నిలవదు. బండిని కొన్ని రోజులు పొద్దుటి ఎండలో పెడితే దానంతట అదే చాలావరకు పోతుంది. కుంకుమ విషయం వేరు. బజారు కుంకుమలో కృత్రిమ రంగులు కలుస్తాయి. తడిసి ఎండితే ఆ ఎరుపు పాలిష్ పెడితే తప్ప వదలదు, కొన్నిసార్లు అప్పటికీ వదలదు. దిష్టి తీసిన నిమ్మకాయ రసం, గుమ్మడికాయ తుంపరలు, కొబ్బరినీళ్లు పడ్డచోట కూడా వెంటనే నీళ్లు పోయాలి. పెళ్లికి పూలదండలు కట్టేటప్పుడు సెల్లోటేపు నేరుగా పెయింట్‌కు అంటించనివ్వకండి. దారంతో కట్టమనండి. పాత స్టిక్కర్ తీయాలంటే హెయిర్ డ్రయర్‌తో కొంచెం వేడిచేసి మెల్లగా లాగాలి.

చెట్టు నీడలో పెట్టమంటారా, ఎండలోనా?

చెట్టు నీడ మంచిదే, ఏ చెట్టు అన్నదే ప్రశ్న. వేప నీడ ఫర్వాలేదు, పూత రాలే కాలంలో తప్ప. మామిడి సొన, నేరేడు పళ్లు, కానుగ కింద పడే జిగురు క్లియర్ లేని పెయింట్‌లో ఇంకిపోయే రకాలు. పక్షుల రెట్ట అన్నింటికంటే చెడ్డది. అందులో యూరిక్ ఆసిడ్ ఉంటుంది, ఎండకు రేకు వేడెక్కితే గంటల్లోనే మచ్చ లోతుకు దిగుతుంది. గీకకుండా తడిగుడ్డ దాని మీద పది నిమిషాలు పరచి, నానిన తర్వాత ఎత్తేయండి. రేకుల షెడ్డు వేసుకునే వీలుంటే ఏ వాక్స్ కంటే, ఏ పాలిష్ కంటే అదే ఎక్కువ మేలు చేస్తుంది.

కవర్ కప్పితే?

ఇంట్లో, షెడ్డులో ఉంటే నూలు బట్ట కవర్ మంచిది. ఆరుబయట కప్పే చవక ప్లాస్టిక్ కవర్ మాత్రం రెండు విధాల చెడుపు. గాలికి ఊగుతూ లోపలి దుమ్ముతో పెయింట్‌ను రుద్దుతుంది. వానకాలంలో తేమను లోపలే పట్టి ఉంచుతుంది. రోజుల తరబడి తేమలో మగ్గిన ఎన్‌సీ పెయింట్ పాలిపోతుంది, బొబ్బలెక్కుతుంది, కింద తుప్పు మొదలవుతుంది. దుమ్ము పట్టిన బండికి, తడి ఆరని బండికి ఏ కవరూ కప్పకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. అక్కడ వారానికోసారి మంచినీళ్లతో, అడుగు భాగంతో సహా కడిగితేనే కవర్‌కు అర్థం ఉంటుంది.

ప్రైమర్ కనిపిస్తోంది. ఆ ఒక్కచోట టచప్ చేయవచ్చా?

చేయవచ్చు, చేయాలి కూడా, ఎందుకంటే ప్రైమర్ ఒక్కటే నీటిని ఆపలేదు. రంగు కలిపించేటప్పుడు షేడ్ పేరు చెప్పి ఊరుకోకండి. మీ బండి రంగు ఇన్నేళ్లలో మారిపోయింది. పెట్రోల్ మూతనో, విప్పగలిగిన చిన్న భాగాన్నో పాలిష్ చేసి రంగు కలిపే షాపుకు తీసుకెళ్లండి. సన్నటి బ్రష్‌తో పలచగా రెండు మూడు పూతలు, ప్రతి పూత మధ్యా ఆరనివ్వాలి. దగ్గరికెళ్లి చూస్తే కనిపిస్తుంది. అయినా మొత్తం డోర్ కొట్టించడం కంటే ఇదే నయం.

మొత్తం రీపెయింట్ చేయించాలా, ఉన్నది కాపాడుకోవాలా?

రేకు పుచ్చిపోలేదు, సగానికి పైగా పెయింట్ బాగుంది అంటే కాపాడుకోండి. అంచుల్లో అరిగి, అక్కడక్కడా మచ్చలున్న ఒరిజినల్ పెయింట్ ఆ బండి గడిపిన బతుకును చూపిస్తుంది. అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపరా ఫ్యాక్టరీలో తయారైంది. అక్కడ వేసిన రంగును మళ్లీ ఎవరూ వేయలేరు. ఎంత మంచి షెడ్డులోనైనా మీకు వచ్చేది కొత్త రంగే.

తప్పదు అనుకుంటే కొన్ని సంగతులు. పాత ఎన్‌సీ, ఎనామెల్ మీద నేరుగా పీయూ కొడితే కింది పూత ముడతపడి లేచే ప్రమాదం ఉంది. పూర్తిగా తీసేయాలి, లేదా మధ్యలో అడ్డుపూత వేయాలి. పాతకాలం అందం కావాలంటే సాలిడ్ రంగును క్లియర్ లేకుండా పీయూ సింగిల్ స్టేజ్‌లోనే వేయమని అడగండి. చాలా షెడ్లు అలవాటుకొద్దీ క్లియర్ కొట్టేస్తాయి, అంబాసిడర్ మీద ఆ గాజు మెరుపు నప్పదు. రంగు మార్చాలనుకుంటే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. కొత్త పెయింట్‌కు కనీసం ఒక నెల, ఎన్‌సీ అయితే ఇంకా ఎక్కువ, వాక్స్ రాయకండి. లోపలి థిన్నర్ పూర్తిగా బయటికి పోవాలి.

ఇంట్లోనే పాత పెయింట్ గీకేయవచ్చా? పిల్లలున్నారు.

పొడిగా గీకడం, పొడి గరుకు కాగితంతో రుద్దడం అస్సలు వద్దు. పాతకాలపు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో లెడ్ క్రోమేట్ వాడేవారు. ఆ దుమ్ములో సీసం ఉంటుంది, పిల్లల మెదడుకు అది ఎంత చెడ్డదో అందరికీ తెలిసిందే. తడి కాగితంతోనే రుద్దండి, మంచి మాస్కు పెట్టుకోండి, ఆ నీళ్లు పెరట్లో మొక్కలకు పారనివ్వకండి, పని అయ్యాక బట్టలు విడిగా ఉతకండి. పీయూ స్ప్రేయింగ్ ఇంటి దగ్గర అసలే పెట్టుకోవద్దు. దాని హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తుల్లోకి వెళితే జీవితాంతం వదలని ఆస్తమా రావచ్చు, ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు దాన్ని ఆపదు. షెడ్డులో కొట్టించినా, ఆ పెయింటర్‌కు సరైన మాస్కు ఉందో లేదో చూసి పని అప్పజెప్పండి. లేకపోతే ఆ మాస్కు డబ్బులు కూడా మీరే ఇవ్వండి.